చావని హీరోలూ... మా మేనల్లుడూ!

ఈ మధ్య కుర్రకారు కనిపిస్తే చాలు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే. "గురూగారూ, అమెరికా కామిక్స్‌లో కొత్తగా ఏం మొదలయ్యాయి? ఏది చదవొచ్చు? ఏది డబ్బు దండగ?" అని. బ్యాట్‌మేన్‌నీ, స్పైడర్‌మేన్‌నీ తెర మీద చూసి చూసి, 'ఇంతకీ ఈ మహానుభావులు పుట్టింది కాగితం మీదే కదా, అక్కడ వీళ్ళ సంసారం ఎలా ఉందో చూద్దాం' అని బుద్ధి పుట్టినవాళ్ళన్నమాట. మంచిదే, చూడాల్సిందే. కానీ సినిమాకి అలవాటు పడ్డ ప్రేక్షకుడు ఆ పేజీల్లో అడుగు పెట్టగానే తికమకపడే చోటు ఒకటుంది. సినిమా అన్నాక రెండున్నర గంటలకో, మూడు గంటలకో 'శుభం' కార్డు పడుతుంది. అది పడ్డాక విలన్ తాత దిగొచ్చినా హీరోని ఏమీ చెయ్యలేడు. కామిక్స్‌లో ఆ కార్డే లేదు! సూపర్‌మేన్ 1938లో మొదలయ్యాడు. బ్యాట్‌మేన్ 1939లో, స్పైడర్‌మేన్ 1962లో. ఈనాటికీ 'సశేషం' అనే ఉంది.

ఇన్నేళ్ళలో రాసినవాళ్ళు పోయారు, బొమ్మలు వేసినవాళ్ళు పోయారు, మొదటి సంచిక పది సెంట్లు పెట్టి కొన్న పిల్లలు ముత్తాతలై పోయారు. హీరోగారి వయసు మాత్రం ముప్ఫై దగ్గరే ఆగిపోయింది. యాభయ్యో పడిలో పడ్డాక కూడా పుస్తకాలు పట్టుకుని కాలేజీకి వెళ్ళిన మన హీరోలని చూసి నవ్వుకున్నవాళ్ళం మనం. వీళ్ళ ముందు వాళ్ళెంత!

మరి ఎప్పటికీ అయిపోని కథని జనం చేత నెలనెలా కొనిపించడం ఎలా? దానికో చిట్కా ఉంది. హీరోని చంపడం.

1992 నవంబరులో సూపర్‌మేన్ చచ్చిపోయాడు. ఆ చావు వెనక కథ ఏ సినిమాకీ తీసిపోదు. అసలు ముందు అనుకున్నది సూపర్‌మేన్‌కీ, లోయిస్ లేన్‌కీ పెళ్ళి. అదే సమయానికి టీవీలో వాళ్ళిద్దరి మీదే ఒక సీరియల్ తయారవుతోంది. పెళ్ళి అక్కడా ఇక్కడా కలిసొస్తే బావుంటుందని కామిక్స్‌లో ముహూర్తం వాయిదా వేశారు. ఇక ఆ ఖాళీలో ఏం రాయాలి? కథా చర్చలకి కూచున్నప్పుడల్లా జెర్రీ ఆర్డ్‌వే అనే ఆయన సరదాకి 'చంపేద్దాం' అంటుండేవాడట. ఈసారి సరదా సరదాగానే నిజం చేసేశారు. పెళ్ళి ముహూర్తం తప్పిందని చావు ముహూర్తం పెట్టుకున్న హీరో లోకంలో ఇతనొక్కడే అయివుంటాడు!

పనితనం మాత్రం మెచ్చుకోవాలి. డూమ్స్‌డే అనే రాక్షసుడితో జరిగే ఆ పోరాటంలో చివరి నాలుగు సంచికలు చూడండి. మొదటిదాంట్లో పేజీకి నాలుగు బొమ్మలు. తర్వాతిదాంట్లో మూడు. ఆ తర్వాత రెండు. ఆఖరి సంచికలో పేజీకి ఒకే ఒక్క బొమ్మ. మన ఎడిటర్లు క్లైమాక్స్‌లో షాట్లు కత్తిరించి ఊపు పెంచుతారు. వీళ్ళు బొమ్మని పెంచి ఊపు పెంచారు. ఆ సంచికని నల్ల కవరులో పెట్టి, చేతికి కట్టుకునే నల్ల గుడ్డ ముక్క కూడా జతచేసి అమ్మారు. లక్షల కాపీలు ఎగిరిపోయాయి. మరుసటేడు, 1993లో, హీరోగారు జుట్టు పొడుగ్గా పెంచుకుని నిక్షేపంలా తిరిగొచ్చారు. 1996లో పెళ్ళి కూడా అయింది. అక్షింతలు వేశాం.

అంతకు ముందు 1988లో ఇంకా విడ్డూరం జరిగింది. బ్యాట్‌మేన్ పక్కన ఉండే కుర్రాడు రాబిన్‌ని, అంటే రెండో రాబిన్ జేసన్ టాడ్‌ని, జోకర్ చితగ్గొట్టి బాంబు పేల్చేస్తాడు. కుర్రాడు బతకాలా, చావాలా? పాఠకుల్నే ఫోన్ చేసి చెప్పమన్నారు. కాలుకి 50 సెంట్లు. చంపమన్నవాళ్ళు 5,343 మంది. బతికించమన్నవాళ్ళు 5,271 మంది. 72 ఓట్ల తేడాతో ఒక పిల్లాడి ప్రాణం పోయింది! మన పంచాయితీ ఎన్నికల్లో ఇంతకంటే ఎక్కువ మెజారిటీలు వస్తాయి. సరే, పోయాడు కదా అనుకుంటే 2005లో అతనూ లేచొచ్చాడు.

ఈ కబుర్లన్నీ నేను ఎక్కడ చెప్పినా జనం పగలబడి నవ్వేవాళ్ళు. నేనూ నవ్వుతూనే చెప్పేవాణ్ణి. 2023 సంక్రాంతి దాకా.

ఆ పండగ వెళ్ళిన వారానికి రాజమండ్రిలో మా చెల్లెలి భర్త గుండెపోటుతో పోయాడు. నలభై ఆరేళ్ళవాడు. వాళ్ళకి ఒక్కడే కొడుకు, అప్పటికి తొమ్మిదో తరగతి. సూపర్ హీరో సినిమా ఏదొచ్చినా తండ్రీ కొడుకులిద్దరూ మొదటి ఆటకి ఉండాల్సిందే. 2019లో 'అవెంజర్స్ ఎండ్‌గేమ్'కి వెళ్ళారు. అందులో ఐరన్ మేన్ చచ్చిపోతాడు. పదేళ్ళవాడు ఇంటికొచ్చాక కూడా ఏడుపు ఆపలేదట. ఏడుపు మాన్పించడానికి మర్నాడు బావ మళ్ళీ అదే సినిమాకి తీసుకెళ్ళాడు! "ఈసారి ఇద్దరం ఏడ్చాం బావా" అని నాకు ఫోన్ చేసి చెప్పాడు. అలాంటి మనిషి.

మేనల్లుడికి కామిక్స్ పిచ్చి అంటించినవాణ్ణి నేనే. నేను చదివేసినవన్నీ వాడికే పంపేవాణ్ణి. మంచం కింద అట్టపెట్టెలో వరసగా పేర్చుకునేవాడు. పన్నెండో రోజు భోజనాలు అయ్యాక, బంధువులంతా సర్దుకుంటుంటే వాడు ఆ పెట్టె తెచ్చి నా సంచీ పక్కన పెట్టాడు.

"ఇవి నువ్వు తీసుకెళ్ళిపో మావయ్యా."

"ఎందుకురా?"

"వీళ్ళందరూ తిరిగొచ్చేస్తారు."

అంతే అన్నాడు. గొంతులో కోపం కూడా లేదు. నేను పెట్టె తీసుకుని హైదరాబాదు బస్సెక్కాను.

2024 జూలైలో ఐరన్ మేన్ వేషం వేసిన రాబర్ట్ డౌనీ జూనియర్ మళ్ళీ వస్తున్నాడని, ఈసారి డాక్టర్ డూమ్ అనే విలన్‌గా నటిస్తాడని అమెరికాలో ప్రకటించారు. ఆ రాత్రి వాడే ఫోన్ చేశాడు. "చూశావా మావయ్యా? ఆయన కూడా వచ్చేశాడు." నటుడు వేరు, పాత్ర వేరు అని చెప్పబోయి ఊరుకున్నాను. వాడికి తెలియక కాదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, అప్పట్నించీ నేను కొత్త సిరీస్ ఏది తెరిచినా చూసేది ఒక్కటే. ఇందులో పోయింది పోయినట్టుంటుందా? బొమ్మలు, రంగులు, ఫైటింగులు ఆ తర్వాత. ఇది వీలుకాని కోరిక కాదు సుమండీ! 1973లో స్పైడర్‌మేన్ 121వ సంచికలో గెరీ కాన్వే రాసి చూపించాడు. గ్రీన్ గాబ్లిన్ వంతెన మీంచి గ్వెన్‌ని తోసేస్తాడు. స్పైడర్‌మేన్ సాలెదారం విసిరి ఆమె కాలు పట్టుకుంటాడు. 'హమ్మయ్య' అనుకుంటాం. ఆమె మెడ పక్కన చిన్న అక్షరాల్లో 'స్నాప్' అని శబ్దం రాసి ఉంటుంది. కాపాడబోయిన దారమే మెడ విరిచేసిందన్నమాట. తర్వాత క్లోన్లనీ, అవనీ ఇవనీ ఎన్ని తెచ్చినా ఆ పేజీ తెరిస్తే ఇప్పటికీ చెయ్యి వణుకుతుంది.

ఇక కొత్తవాటి సంగతి. డీసీ కంపెనీవాళ్ళు 2024 అక్టోబరులో 'యాబ్సొల్యూట్' అనే కొత్త వరస మొదలుపెట్టారు. పాత కథలతో సంబంధం లేకుండా మొదటి నుంచీ చెప్పడం, ప్రతి హీరో దగ్గరా అతని ఆస్తి ఏదో అది ముందే లాగేసుకోవడం - ఇదీ పథకం. వండర్ ఉమన్‌కి తల్లీ లేదు, అమెజాన్ అక్కచెల్లెళ్ళూ లేరు, నరకంలో సర్సీ అనే మంత్రగత్తె పెంచింది. కెల్లీ థాంప్సన్ రాసింది, హేడెన్ షెర్మన్ బొమ్మలు. 2025లో కొత్త సిరీస్‌కిచ్చే ఐస్నర్ అవార్డు దీనికే వచ్చింది. రావాల్సిందే. జానపద సినిమాలంటే ప్రాణం పెట్టేవాళ్ళకి విందుభోజనం. సూపర్‌మేన్ కథలో తల్లిదండ్రులు క్రిప్టన్ గ్రహం మీద కూలి వర్గం వాళ్ళు. జేసన్ ఆరన్ రాశాడు. ఆలోచన గొప్పది, నడక మాత్రం నాకు కాస్త బరువనిపించింది.

బ్యాట్‌మేన్ దగ్గర ఆగుదాం. పాత బ్యాట్‌మేన్ అంటే కోట్లకి పడగెత్తిన బ్రూస్ వేన్, మేడ, నౌకరు, గుహనిండా కార్లు. తల్లీ తండ్రీ ఇద్దరినీ ఒకే రాత్రి కాల్చేశారు. స్కాట్ స్నైడర్ రాసి, నిక్ డ్రాగొట్టా బొమ్మలు వేసిన ఈ కొత్తదాంట్లో బ్రూస్ దగ్గర డబ్బు లేదు. నగరంలో ఇంజినీరు ఉద్యోగం. తండ్రి బడిపంతులు. పిల్లల్ని జంతు ప్రదర్శనశాలకి తీసుకెళ్ళినప్పుడు కాల్పుల్లో పోయాడు. తల్లి మార్తా బతికే ఉంది. నగరపాలన ఆఫీసులో ఉద్యోగం చేస్తుంది. పాత కథల్లో విలన్లయిన పెంగ్విన్, రిడ్లర్, క్రోక్ ఇక్కడ బ్రూస్ చిన్ననాటి స్నేహితులు. డబ్బున్నవాడు జోకర్! ఈ తిరగెయ్యడం ఒక్కటి చాలు, స్నైడర్‌కి దండ వెయ్యడానికి.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. హీరో ఛాతీ డబుల్ డోర్ ఫ్రిజ్జంత ఉంటుంది. ఛాతీ మీది గబ్బిలం గుర్తు ఊడదీస్తే గొడ్డలి అవుతుంది, దాంతో మొదటి సంచికలోనే ఒకడి చెయ్యి నరికేస్తాడు. రక్తం మరీ ఎక్కువ. ఇంట్లో చిన్నపిల్లలుంటే అందకుండా పెట్టండి.

ఆ యేడు దసరాకి రాజమండ్రి వెళ్ళాను. మా చెల్లెలు ఓ ప్రైవేటు బడిలో చేరి అప్పటికి ఏడాది దాటింది. సాయంత్రం ఆరైతే గానీ ఇంటికి రాదు. నా టాబ్లెట్ బల్ల మీద వదిలేశాను. చదవమని నేను అనలేదు. మేనల్లుడు ఛార్జింగ్ పెడతానంటూ తీశాడు. రెండు గంటల తర్వాత వచ్చాడు.

"మావయ్యా, వీళ్ళ నాన్న టీచరా?"

"ఊఁ."

"వీళ్ళమ్మ ఆఫీసుకి వెళ్తుందన్నమాట."

"ఊఁ."

"వాళ్ళ నాన్న తిరిగొస్తాడా?"

"ఇప్పటిదాకా రాలేదురా. వస్తే నేనే చదవడం మానేస్తాను."

వాడు టాబ్లెట్ తీసుకుని లోపలికెళ్ళాడు. వాడి ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కలు ఆ పూట ముందుకి కదల్లేదు. మా చెల్లెలు నన్ను తిట్టింది కూడా, "అన్నయ్యా, మళ్ళీ మొదలెట్టావా?" అని. తిడుతూ తిడుతూ కళ్ళు తుడుచుకుంది.

అదే టాబ్లెట్‌లో ఇంకోటి ఉంది. 2024 జనవరిలో మార్వెల్ కంపెనీ మొదలుపెట్టిన 'అల్టిమేట్ స్పైడర్‌మేన్'. జొనాథన్ హిక్‌మన్ రచన, మార్కో చెకెటో బొమ్మలు. నా ఓటు దీనికే. ఎందుకో చెప్పాలంటే పాత స్పైడర్‌మేన్‌కి ఏం జరిగిందో చెప్పాలి.

పీటర్ పార్కర్‌కీ మేరీ జేన్‌కీ 1987లో పెళ్ళయింది. ఇరవయ్యేళ్ళు కాపురం చేశారు. 2007లో కంపెనీవారికి అనుమానం వచ్చింది, 'పెళ్ళైన హీరో కుర్రాళ్ళకి నచ్చుతాడా?' అని. విడాకులిప్పిస్తే అసహ్యం. అందుకని ఏం చేశారంటే, పీటర్‌ని పెంచిన మే పిన్నికి తుపాకి గుండు తగిలి చావుబతుకుల్లో ఉంటుంది. మెఫిస్టో అనే సైతాను వచ్చి, 'ఆవిణ్ణి బతికిస్తాను, బదులుగా మీ పెళ్ళి నాకిచ్చెయ్యండి' అంటాడు. మొగుడూ పెళ్ళాం ఒప్పుకుంటారు. మర్నాటికి ఆ పెళ్ళి జరగనేలేదు, ఎవరికీ గుర్తూ లేదు! అమెరికాలో పాఠకులు దుమ్మెత్తి పోశారు. నేనైతే ఎక్కడ మాట వచ్చినా ఆ కథని ఉతికి ఆరేస్తాను.

అందుకే ఈ కొత్త కథ పట్టుకోగానే ప్రాణం లేచొచ్చింది. ఇందులో పీటర్‌కి 35 ఏళ్ళు. గడ్డం. మేరీ జేన్‌తో పెళ్ళయింది, కొడుకు రిచర్డ్, కూతురు మే. కుర్రతనంలో కుట్టాల్సిన సాలీడు కుట్టనే లేదు. మేకర్ అనే దుర్మార్గుడు ముందే అడ్డుపడి ఆ రాతనే చెరిపేశాడు. ఏదో కావాల్సింది రాలేదన్న వెలితి పీటర్‌ని పీకుతూ ఉంటుంది. అప్పుడు టోనీ స్టార్క్ దగ్గర్నించి ఒక డబ్బా వస్తుంది. అందులో సాలీడు. కుట్టించుకుంటావా, మానేస్తావా? ఇరవయ్యేళ్ళవాడికి అది ప్రశ్నే కాదు. ఇల్లూ పిల్లలూ ఉన్నవాడికి అదే అసలు ప్రశ్న. ఈ శీర్షిక చదివే కుర్రాళ్ళకి ఈ పాయింటు ఇప్పుడు ఎక్కకపోవచ్చు. పదిహేనేళ్ళాగి మళ్ళీ చదవండి.

అసలు తిరుగుడు ఇంకోచోట ఉంది. 1962 నుంచీ లోకానికి తెలిసిన కథలో బెన్ బాబాయి చచ్చిపోతాడు, మే పిన్ని మిగులుతుంది. ఇక్కడ పిన్ని ఒక దాడిలో పోయింది. బాబాయి మిగిలాడు. ఆ ముసలాయన దుఃఖాన్ని హిక్‌మన్ ఎంత ఓపిగ్గా రాశాడో! పనిచేసే పత్రిక ఫిస్క్ అనే గూండా గుప్పిట్లో ఉందని తెలిసి, సంపాదకుడు జేమ్సన్‌తో కలిసి బయటికొచ్చేస్తాడు. ఆ వయసులో ఇద్దరు ముసలాళ్ళు కొత్త పత్రిక పెడతారు! ఏడుస్తూ కూర్చోడు. ఏడవకుండానూ ఉండడు. ఈ సిరీస్‌లో నాకు హీరో కంటే ఈయనే ఇష్టం.

పైగా ఇందులో కాలం నడుస్తుంది. మనకి నెల గడిస్తే కథలోనూ నెల గడుస్తుంది. మేకర్‌ని ఒక నగరంలో బంధించారు, రెండేళ్ళకి ఆ తలుపులు తెరుచుకుంటాయి. కాబట్టి ప్రతి సంచికా కేలండర్‌లో ఒక కాగితం చింపినట్టుంటుంది. పండగలొస్తాయి, పిల్లలు ఎదుగుతారు, బాబాయి కాస్త కాస్త తేరుకుంటాడు. సూపర్ హీరో కథలో నెల గడవడమే వింతగా చెప్పుకోవాల్సి వస్తోంది చూడండి!

మా వాడు మొదటి తొమ్మిది సంచికలు ఒక్క రాత్రిలో చదివేశాడు. ఆ తర్వాత నెలకొకటి ఫోన్‌లో మాట్లాడుకుంటూ చదివాం. పాత పెళ్ళి ముచ్చట ఎలా పోయిందో నేను చెప్పిన రోజు మాత్రం గుర్తుండిపోయింది. సైతానూ, బేరమూ అంతా చెప్పి, "ఇంతకంటే చెత్త కథ ఉంటుందా?" అన్నాను, ఎప్పట్లాగే నవ్వుతూ.

అవతల కాసేపు చప్పుడు లేదు.

"వాళ్ళ పిన్ని బతికిందా మరి?"

"బతికింది."

"నేనైనా ఒప్పుకుంటాను మావయ్యా" అన్నాడు.

కథగా అది చెత్తే. ఈ రోజు అడిగినా అదే చెబుతాను. రచయితలకి దారి తోచక సైతాన్ని పట్టుకొచ్చారు, అంతే. కానీ ఆ రోజు ఫోన్‌లో ఆ ముక్క అనలేకపోయాను. "అమ్మ వచ్చిందా?" అని అడిగాను. "వచ్చింది, కాఫీ కలుపుతున్నాను" అన్నాడు. బావ చేసే పని అది. బడినుంచి వచ్చేసరికి కాఫీ ఉండాలని ఇప్పుడు వాడు నేర్చుకున్నాడు.

పెట్టె నా దగ్గరే ఉంది. వాడు అడగలేదు, నేను ఇవ్వబోలేదు. పాతవి పాతవే. వాడికి కావాల్సింది ఇప్పుడు వేరే.

'అల్టిమేట్ స్పైడర్‌మేన్' 24వ సంచికతో ముగుస్తుందని కంపెనీవారు 2025లోనే ప్రకటించేశారు. అమ్మకాలు లేక కాదు, బాగా అమ్ముతూ ఉండగానే! అమెరికాలో అభిమానులు గోల పెట్టారు, 'ఇంత బావున్నదాన్ని ఆపుతారా?' అని. మా వాడికి ఆ వార్త చదివి వినిపిస్తే, "అయిపోతుందా? నిజంగా?" అని రెండుసార్లు అడిగాడు. బాధగా అడిగాడా, సంతోషంగా అడిగాడా అన్నది నాకు అంతుపట్టలేదు. "అయితే మొత్తం కొను మావయ్యా, పుస్తకాలుగా" అన్నాడు. అట్టపెట్టె తిరిగిచ్చాక వాడు నన్ను ఏదైనా కొనమనడం అదే మొదలు.

ఇంతకీ మీ డబ్బు సంగతి. విడి సంచికలు ఒక్కోటీ 5 డాలర్ల దగ్గర్లో పడతాయి. ఇరవై చిల్లర పేజీలకి అది మనకి చాలా ఎక్కువ. తొందరపడకండి. అయిదారు సంచికలు కలిపి వేసిన సంపుటాలు వస్తాయి, అవి కొనండి. ఇద్దరు ముగ్గురు మిత్రులు చందాలేసుకుంటే ఇంకా హాయి. ముందు బ్యాట్‌మేన్ తీసుకుంటే ఊపుంటుంది. అందులో బేన్ దిగాక కథ స్నేహితుల మీద పడుతుంది, గుండె దిటవు చేసుకోండి. స్పైడర్‌మేన్ మాత్రం మొదటి సంపుటం నుంచీ వరసగా చదవాల్సిందే, మధ్యలో దూరితే ఏమీ దక్కదు. రెండో ఏడు కథ కొంచెం అటూ ఇటూ చెదిరింది, ఓపిక పట్టాలి. నాలుగో సంచికలో రెండు జంటలు హోటల్లో భోంచేస్తూ మాట్లాడుకోవడమే ఎక్కువ భాగం. ఫైటింగు లేదని పేజీలు తిప్పెయ్యకండేం!